చిటికెన వేలి కొలత

జూన్ 11

అక్కా,

ఈ ఏటి చేతులు పంపుతున్నాను. కుడిది ఒక కాగితం, ఎడమది ఒక కాగితం. పెన్సిల్ నిటారుగా పట్టుకునే గీశాను. వేళ్ల మధ్య నువ్వు చెప్పినంత ఎడం ఉంచాను. కింద తేదీ కూడా వేశాను. ఇంక తిట్టడానికి నీకేం మిగల్లేదు, పాపం. అక్షరాలు కుప్పిగంతులు వేస్తున్నాయని మొదలుపెట్టకు, బస్సులో రాస్తున్నా.

కొత్త కోచ్ వచ్చాడు. మనిషి నవ్వడు. మొదటిరోజే అందరినీ వరుసగా నిలబెట్టి "పోయినేడు ఎవరేం పీకారో నాకనవసరం" అన్నాడు. నా కాంట్రాక్టుకి ఇదే ఆఖరి ఏడాది. ముప్పై ఒకటి నిండిన గోల్‌కీపర్‌తో మళ్లీ సంతకం పెట్టించుకోవాలంటే పశువుకి చూసినట్టు పళ్లు కూడా చూస్తారు. ఈ సీజన్‌లో ఒక్క మ్యాచ్ వదలకుండా ఆడితే ఇంకో మూడేళ్లు. ఆడకపోతే ఏమిటన్నది ఆలోచించడం మొదలుపెడితే కాలు కాలిన పిల్లిలా హాస్టల్ వరండా అంతా తిరుగుతున్నా. వాచ్‌మన్ నిన్న "సార్, కాసేపు కూర్చోండి, నాకు కళ్లు తిరుగుతున్నాయి" అన్నాడు.

గదిలో ఈసారి కూడా బెంచీ అన్నే. అదేనక్కా, మా రెండో గోల్‌కీపర్. పదకొండేళ్లుగా ఈ క్లబ్బులో ఉన్నాడు, ఆడినవి రెండే మ్యాచ్‌లు. మిగతాదంతా బెంచీ మీదే. ఆ పేరు తనకి తనే పెట్టుకున్నాడు, ఇంకెవరూ పెట్టకముందే. ముప్పై ఆరేళ్లొచ్చాయి, రోజూ గ్రౌండ్‌కి నాకంటే ముందు వస్తాడు.

ఆగస్టులో మొదటి మ్యాచ్. ఈలోగా తొడుగులు అందితే చాలు. అరచేతికి అతికే రబ్బరు షీటు విడిగా పార్సిల్ చేశాను.

నీ తమ్ముడు

జూన్ 24

ఒరేయ్ దొంగా,

ఇంత పెద్ద సంగతి నా దగ్గర దాస్తావా? నీ చెవులు పిండేవాళ్లు లేకనే ఇలా తయారయ్యావు!

జరిగింది చెబుతా విను. నీ కాగితాలు నిన్న వచ్చాయి. కార్ఖానాలో భోజనాల టైము, మేస్త్రీ లేడు. ఎప్పటిలాగే పోయినేటి చేయి కింద పెట్టి, ఈ ఏటిది పైన పెట్టి, కిటికీ అద్దానికి అంటించి చూశాను. అరచేయి కాస్త వెడల్పైంది. ఏం తింటున్నావురా అనుకుంటూ పక్కకి జరిగితే, కుడి చిటికెన వేలు! నిటారుగా ఉంది! పెన్సిల్ జారిందేమోనని మూడుసార్లు చూశాను. జారలేదు. పక్క బల్ల మీద వెల్డింగ్ వాళ్ల తొడుగులు కత్తిరించే పిల్ల "ఏమైంది అక్కా" అంటే కాగితాలు రెండూ ఆ పిల్ల చేతిలోనే పెట్టాను.

ఆపరేషన్ చేయించుకున్నావన్నమాట. సీజన్ లేని రెండు నెలల్లో, చప్పుడు కాకుండా. అక్షరాలెందుకు వంకర పోయాయో ఇప్పుడు అర్థమైంది. బస్సంట, బస్సు!

నీకు తెలీదురా. నీకు తొమ్మిదేళ్లు, నాకు పద్నాలుగు. పరీక్షలని నీ రబ్బరు బంతి లాక్కుని ఇనప పెట్టెలో దాచి, కోపంగా మూత ధడేల్మని వేసి వెనక్కి చూడకుండా బయటికి నడిచాను. నువ్వు చేయి పెట్టావని చూసుకోలేదు. ఆ కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది. నాన్న బెల్టు దెబ్బలు ఎప్పుడో మర్చిపోయాను, ఆ కేక మర్చిపోలేదు. కట్టు విప్పాక వేలు కొంకిలా వంగి ఉండిపోతే, ఆ రోజు నుంచి నీ చేయి ఎవరు పట్టుకున్నా నా గుండె కలుక్కుమనేది. తొమ్మిదేళ్లుగా నీ తొడుగులకి ఆ వంకర వేలు విడిగా కత్తిరిస్తున్నాను, కత్తిరించిన ప్రతిసారీ నన్ను నేను తిట్టుకుంటున్నాను.

ఇంక తిట్టుకోను. బావ నన్ను చూసి "లాటరీ తగిలిందా" అన్నాడు. అంతకంటే పెద్దదే అన్నాను. ఆరు జతలు కుడుతున్నా, వేళ్లన్నీ నిటారుగా. మణికట్టు దగ్గర ఎప్పటిలాగే పసుపు దారంతో రెండు వరసలు.

నొప్పి ఉందా? డాక్టర్ ఏమన్నాడు? ఫోన్‌లో "బాగున్నా అక్కా, ఉంటా అక్కా" తప్ప నీ నోట ఇంకో మాట రాదు, కాబట్టి కాగితం మీద రాయి.

అక్క

జులై 2
(ఇది పోస్టు చేయలేదు.)

అక్కా,

అది నా చేయి కాదు. బెంచీ అన్న చేయి.

జూన్ మూడున ప్రాక్టీసులో పక్కకి దూకినప్పుడు కుడిచేయి గోల్ స్తంభానికి కొట్టుకుంది. ఉంగరం వేలు విరిగింది. క్లబ్బు డాక్టర్‌కి చూపిస్తే ఆ నిమిషంలోనే నా సీజన్ అయిపోయినట్టు. అందుకని ఊరి చివర ఒక చిన్న ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించుకున్నా. కదిలించకుండా ఉంచితే అతుక్కుంటుంది, ఇంకో దెబ్బ తగిలితే ఆ వేలు మళ్లీ ముడుచుకోదు అన్నాడు అక్కడి డాక్టర్. అరచేయంతా ఉబ్బి ఉంది. దాన్ని గీసి పంపితే నువ్వు మర్నాటి బస్సులో దిగుతావు. నువ్వు దిగితే క్లబ్బంతటికీ తెలుస్తుంది. అందుకని బెంచీ అన్న చేయి కాగితం మీద పెట్టమన్నాను. ఎందుకని అడగలేదు, పెట్టాడు.

చిటికెన వేలు వంకర అన్న సంగతి నాకు గుర్తే లేదు. నమ్ముతావా? ఇరవై రెండేళ్లుగా నా చేతికే ఉంది, అందుకని నాకు కనిపించడం మానేసింది. నీకు మాత్రం రోజూ కనిపిస్తోందని ఇప్పుడు తెలిసింది.

రోజూ పొద్దున బెంచీ అన్నే నా వేలుకి టేపు చుడతాడు. కోచ్‌కి ఒక్క మాట చెబితే నా చోటు అతనిదే. ఎందుకు చెప్పవని అడిగాను. "నీ వేలు విరిగితే నాకు చోటొచ్చిందని ఎవరికి చెప్పుకోను?" అన్నాడు.

నువ్వు అంత సంతోషంగా రాశాక ఇది ఎలా పంపను?

జులై 4

అక్కా,

నీ ఉత్తరం అందింది. అవును, వేలు సరి చేయించుకున్నా. నీకు ఆశ్చర్యంగా ఉంటుందని చెప్పలేదు. నొప్పి లేదు. డాక్టర్ మంచివాడు. ఎక్కువ రాయలేను, ప్రాక్టీసుకి టైమైంది.

నీ తమ్ముడు

ఆగస్టు 20

తమ్ముడికి,

మొన్నటి మ్యాచ్ టీవీలో చూశాం. బావ డ్యూటీ మార్చుకుని మరీ కూర్చున్నాడు. గెలిచారు, సంతోషం.

నీ చేతికి ఉన్నవేంట్రా ఆ నీలం రంగువి? నా తొడుగులు కావు. సర్లే, మొదటి సగం అయ్యాక మారుస్తావేమో అనుకున్నా. మార్చలేదు. ఇంతలో కెమెరా బెంచీ వైపు తిరిగింది. అక్కడ కూర్చున్నాయన చేతులకి, పసుపు దారం రెండు వరసలు! నా కళ్లతో చూశాను. బావ "నీవేనా?" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

మూడు వారాలు ఇంటిపని అయ్యాక కూర్చుని కుట్టానురా. నీకు నచ్చకపోతే నచ్చలేదని ఒక్క ముక్క రాయి. తీసుకెళ్లి ఊరికే కూర్చునే ఆయనకి పారేస్తావా? పేరొచ్చింది కదా, ఇప్పుడు కంపెనీ సరుకు కావాలి. చిన్నప్పుడు కార్ఖానాలో పక్కన పడేసిన వెల్డింగ్ తొడుగులు తెచ్చిస్తే మంచం మీద పెట్టుకుని పడుకున్నావే, ఆ తమ్ముడు ఎటు పోయాడు?

అక్క

ఆగస్టు 29

అక్కా,

అంత మాట అనకు. ఒక కంపెనీ వాళ్లతో ఒప్పందం అయింది, మ్యాచ్‌లో వాళ్లవే వేసుకోవాలి. నా చేతుల్లో లేదు. నీవి పాడవకుండా ఉంటాయని బెంచీ అన్నకిచ్చాను. ఆయన వాటిని ఆడినంతసేపూ... అదే, కూర్చున్నంతసేపూ జాగ్రత్తగానే చూసుకుంటున్నాడు.

నాకు ఇక్కడ మనసు మనసులో లేదు. నిద్రలో కూడా స్తంభానికీ స్తంభానికీ మధ్య నడుస్తున్నట్టుంటుంది. నువ్వు కూడా కోప్పడితే ఎలా?

నీ తమ్ముడు

అక్టోబర్ 6

తమ్ముడూ,

పోయినసారి ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నా. ఒప్పందమట! ముందే చెబితే ఆరు జతలు కుట్టే శ్రమ తప్పేదిగా. కానీ నిన్నటి మ్యాచ్ చూశాక ఊరుకోలేకపోయాను.

ఆ బంతి నీ చేతుల్లోకి వచ్చి జారిపోవడం ఏమిటి? అలాంటివి నువ్వు కళ్లు మూసుకుని పడతావు కదరా. టీవీలో ఆ వ్యాఖ్యానం చెప్పేవాడు వందసార్లు చూపించాడు. పొడుగు డిఫెండర్ నీకు అడ్డొచ్చాడట, తప్పంతా వాడిదేనట. ఆ పొడుగోడు నా కంటబడితే కత్తెర పుచ్చుకుని వెంటపడతాను. బావ మాత్రం "వాడు అడ్డు రాలేదే" అంటాడు. ఆయనకి బస్సు ఇంజన్లు తప్ప ఏం తెలుసు!

నాకు తెలిసింది ఒక్కటే. ఆ నీలం తొడుగుల్లో నీ వేళ్లు ముడుచుకోవడం లేదు. కుట్టేదాన్ని, నాకు తెలీదా? కంపెనీ గింపెనీ జాన్తా నై. ఆ ఒప్పందం కాగితం చింపి నావి వేసుకో. వేలు చక్కగా అయిన చేయి, దానికి సరైన తొడుగు లేకపోతే ఎలా?

కోపం పోయిందని అనుకోకు. సగమే పోయింది.

అక్క

అక్టోబర్ 27

అక్కా,

ఆదివారం కప్పు సెమీఫైనల్. నువ్వూ బావా తప్పకుండా చూడండి. ఆ తర్వాత నేను అన్నీ రాస్తాను. ఇప్పుడు ఏమీ అడగకు.

నీ తమ్ముడు

నవంబర్ 2

ఒరేయ్,

చూశాం. మొదట జట్టు పేర్లు చదివినప్పుడు నీ పేరు లేకపోతే టీవీ పాడైందనుకుని బావ నెత్తి మీద కొట్టాడు, టీవీ నెత్తి మీద. ఆ తర్వాత నువ్వు బెంచీ మీద కనిపించావు, కోటు కప్పుకుని, కుడిచేయి జేబులో పెట్టుకుని. గోల్‌లో మీ బెంచీ పెద్దాయన.

మొదటి పది నిమిషాల్లోనే ఒక గోల్ ఇచ్చాడు, పాపం. ఆ తర్వాత ఇంక ఒక్కటి ఇస్తే ఒట్టు! సమానమై పెనాల్టీలకి వెళ్లింది కదా, నేను వంటగదిలోకి పారిపోయాను. బావ అరుపుకి పరిగెత్తుకొచ్చా. ఆఖరి పెనాల్టీ ఆపి ఆయన కుడిచేయి పైకెత్తి నిలబడ్డాడు. కెమెరా ఆ చేయి దగ్గరికి తీసుకెళ్లి అలాగే ఆపింది.

నా తొడుగు. ఎక్కడా ముడత లేదు. వేళ్ల చివర్లు వేళ్ల చివర్లకి, అరచేయి అరచేతికి. చిటికెన వేలు నిటారుగా. ఒకరి చేతికి కుట్టింది ఇంకొకరి చేతికి అలా కూర్చోదురా. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను.

గబగబా వెళ్లి నీ జూన్ కాగితం తీశాను. ఇది ఎవరి చేయి? నాకు నిజం రాయి. ఆపరేషన్ అయిందా, కాలేదా? నీ కుడిచేయి జేబులో ఎందుకుంది? ఇంకొక్క అబద్ధం రాశావంటే రేపే బస్సెక్కుతాను.

అక్క

నవంబర్ 9

అక్కా,

ఎడమచేత్తో రాస్తున్నా. ఈసారి నిజంగా అక్షరాలకి నా మీద కోపమే.

దీనితోపాటు జులైలో రాసి పోస్టు చేయని కాగితం పెడుతున్నాను. ముందు అది చదువు. వేలు సంగతంతా అందులో ఉంది. ఆపరేషన్ లేదు, కంపెనీ ఒప్పందం లేదు. నీ తొడుగుల్లోకి నా వంకర వేలు దూరలేదు, అంతే. బజారులో పెద్ద సైజు కొనుక్కుని టేపు చుట్టిన వేళ్లు అందులో కుక్కి ఆడాను.

ఆ రోజు బంతి జారింది డిఫెండర్ వల్ల కాదు. బావ చెప్పిందే నిజం. నా ఉంగరం వేలు ముడుచుకోలేదు. కానీ డ్రెస్సింగ్ రూములో కోచ్ ఆ పొడుగు డిఫెండర్ని నిలబెట్టి అరగంట కడిగేశాడు. వచ్చే మూడు మ్యాచ్‌లకి జట్టులోంచి తీసేశాడు. వాడికి పెళ్లై నాలుగు నెలలు. తల వంచుకుని "నేనే అడ్డొచ్చినట్టున్నాను సార్" అన్నాడు. అందరూ అంటుంటే వాడూ నమ్మేశాడక్కా! నేను బూట్ల లేసులు విప్పుకుంటూ కూర్చున్నాను. బెంచీ అన్న నా వైపు చూశాడు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే టేపు తెచ్చాడు. చేయి చాపలేకపోయాను.

దాదాపు నాలుగు వారాలు తిరిగాను, గదిలో, వరండాలో, గ్రౌండ్ చుట్టూ. సెమీఫైనల్ పొద్దున కోచ్ గదికి వెళ్లి టేపు విప్పి చేయి బల్ల మీద పెట్టాను. ఆయన చూసి "ఇది జూన్‌లో చెప్పాల్సింది" అన్నాడు. డిఫెండర్ పేరు మళ్లీ జట్టులో రాశాడు. తర్వాత బెంచీ అన్నని పిలిచాడు.

మొన్న ఆపరేషన్ అయింది, నిజంగా ఈసారి. లోపల చిన్న రేకు వేశారు. వేలు ముడుచుకుంటుందో లేదో వేసవి దాకా చెప్పలేం అన్నారు. క్లబ్బు మాత్రం చెప్పేసింది, సీజన్ అయ్యాక సంతకం లేదని. ఇరవై ఏళ్లు గోల్ ముందు నిలబడ్డాను. ఇప్పుడు ఎక్కడ నిలబడాలో తెలియడం లేదు. పొద్దునే బూట్లు వేసుకుని వెళ్లి బెంచీ అన్నకి కాలితో బంతులు కొడుతున్నా. అంతవరకే చేతనవుతోంది.

ఇంకొకటి ఉంది. దానికోసమే ఈ ఉత్తరం మూడుసార్లు చింపాను.

నా తప్పుకి ఇంకొకరు దెబ్బలు తింటుంటే నోరు మూసుకుని చూడడం నాకు అది మొదటిసారి కాదు. ఆ రోజు నువ్వు పెట్టె మూత వేసి బయటికి వెళ్లిపోయావు. నా చేయి అక్కడ లేదు. నేను మంచం కింద ఉన్నాను. నువ్వు వెళ్లాక వచ్చి, మూత ఎత్తి, బంతి తీసుకున్నా. నాన్న చెప్పుల చప్పుడు వినబడింది. భయంతో మూత వదిలేశాను. అది నా వేలు మీద పడింది. నాన్న వచ్చి "ఎవరు వేశారు?" అంటే "అక్క వేసింది" అన్నాను. బెల్టు తీశాక నిజం చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఆ తర్వాత నువ్వు నాకు అన్నీ తెచ్చిపెట్టడం మొదలుపెట్టావు, తొడుగులు, బూట్లు, నీ వంతు పాలు. చెబితే అవన్నీ ఆగిపోతాయనుకున్నా. ఆ తర్వాత మరీ ఆలస్యమైపోయింది.

నా వేలు నువ్వు విరగ్గొట్టలేదక్కా. ఎప్పుడూ విరగ్గొట్టలేదు.

కుడిచేయి గీసి పెడుతున్నా. కట్టు ఉన్నంత మేర కట్టుతోనే గీశాను. చిటికెన వేలు బయటే ఉంది, చూడు.

తమ్ముడు

నవంబర్ 28

నీకు,

ఏమని పిలవాలో తేల్చుకోలేక ఇలా మొదలుపెట్టాను.

ఇరవై రెండేళ్లురా! మూత వేసి నేను వాకిలి దాకా వెళ్లానా, గడప దగ్గరే ఉన్నానా అని నాకెప్పుడూ గుర్తు రాలేదు. నువ్వు అన్నావు, నాన్న నమ్మాడు, నేనూ నమ్మేశాను, మీ పొడుగోడిలాగే. పాపం వాణ్ణి కత్తెరతో పొడుస్తానన్నాను. నా తరఫున క్షమించమని చెప్పు.

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు మిషను ముట్టలేదు. కార్ఖానాకి సెలవు పెట్టాను. బావ రెండుసార్లు టీ పెట్టిచ్చి, రెండూ ఆయనే తాగాడు. నేను ఆలోచించిందేమిటో చెబుతా. పదో తరగతి అయ్యాక కుట్టుపని, నర్సు పని రెండూ దొరికితే, తొడుగుల కార్ఖానాకే ఎందుకు వెళ్లానో తెలుసా? ఇంకెవరి వేలూ నలక్కూడదని. మొక్కులాగ పెట్టుకున్నాను. ఇప్పుడు నువ్వొచ్చి అసలు ఏమీ జరగలేదంటే, ఈ ఇరవై ఏళ్లు నేను ఎందుకు కుట్టినట్టు? చెప్పు! ఏడ్చాను, తిట్టాను. నువ్వు ఎదురుగా ఉంటే చెప్పు తీసుకునేదాన్ని.

ఐదో రోజు పొద్దున నీ కాగితం మళ్లీ తీశాను. కట్టు, పక్కనే ఆ కొంకి వేలు. ఎన్నేళ్లుగానో దాన్ని చూస్తే కలుక్కుమనే గుండె, ఈసారి ఊరుకుంది. వట్టి వేలు. వంకరగా, కాస్త వికారంగా, మా తమ్ముడిది.

అట్ట మీద వేసుకుని కత్తిరించాను. ఒక్క జతే కుట్టాను. ఉంగరం వేలికి రెండు అట్టలు, ముడుచుకుంటే ఒకలా, ముడుచుకోకపోతే ఒకలా, ఏదైనా పట్టేట్టు లోపల మడత వదిలాను. పార్సిల్ ఇవాళే వేశాను. బంతి పడతావో, కాలితో కొట్టుకుంటూనే ఉంటావో నాకు తెలీదు, నీకూ తెలీదు. ఎక్కడ నిలబడాలో తేలేదాకా ఇక్కడికొచ్చి నిలబడు, ఇంట్లో చోటుంది. ఇన్నాళ్లూ కుట్టినవి తప్పు చేసిన మనిషి కుట్టినవి. ఈ జత ఊరికే అక్క కుట్టింది. కుట్టు తేడా ఉంటుందేమో చూసి చెప్పు.

మీ పెద్దాయన నాకు విడిగా ఉత్తరం రాశాడు, నీకు చెప్పాడా? రెండు చేతులూ గీసి, కింద తేదీ వేసి, "వీలైతే ఇంకో రెండు జతలు, తొందర లేదు, నాకు వేచి ఉండడం అలవాటే" అని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కుడుతున్నానని చెప్పు.

కోపం ఇంకా ఉంది. పండక్కీ పబ్బానికీ అని కాదు, ఆపరేషన్ కట్టు విప్పిన మర్నాడే బస్సెక్కి రా. ఆ రోజు బంతి దొంగిలించింది నువ్వేనని తెలిసుంటే అప్పుడే చెవి మెలిపెట్టి వదిలేసేదాన్ని, ఇద్దరికీ సరిపోయేది. ఆ బాకీ ఇంకా అలాగే ఉంది. రెండు చెవులూ తెచ్చుకో.

అక్క